తుక్కు సామానుకూ ఒక గతం ఉంటుంది

పాత ఇనుప సామాన్ల కొట్టులోని త్రాసుకు బరువు తప్ప మరేమీ తెలియదు. లారీ కింద ఏళ్ళ తరబడి పనిచేసిన కమాన్ పట్టీ అయినా, నిన్న విరిగిన కుర్చీ కాలైనా దానికి ఒకటే. ఇనుముకు కిలోకు ఇంత, అల్యూమినియానికి ఇంత, రాగికి ఇంత. సరుకు రకాలుగా విడిపోయి పెద్ద గోదాముకు, అక్కడి నుంచి ఫర్నేసుకు వెళుతుంది. ఒకసారి కరిగాక అది అంతకుముందు ఏ రూపంలో ఉండేదో ఎవరికీ అక్కర్లేదు. ఇంట్లో సొంతంగా ఏదైనా చేసుకోవాలనుకునే మనిషికి లాభం దొరికేది సరిగ్గా ఈ మధ్యలోనే, త్రాసు దిగాక, ఫర్నేసు ఎక్కకముందు. వస్తువు ఆకారానికి, గట్టిదనానికి, దాన్ని తయారు చేసినవాడు పడ్డ శ్రమకు కొట్టులో ధర ఉండదు. కొనేవాడికి అవన్నీ ఉచితంగా వచ్చినట్టే.

అయితే ఆ త్రాసు మరొక విషయాన్ని కూడా పట్టించుకోదు. ఆ వస్తువు ఇంతకాలం ఎక్కడ ఉంది, దానికి ఏం పూశారు, దానిలో ఏం పోశారు అనేది. కొత్త ప్లైవుడ్ షీటు మీద కంపెనీ పేరు, గ్రేడు అచ్చువేసి ఉంటాయి. పాత చెక్కకు, పాత డ్రమ్ముకు అలాంటి చీటీ ఉండదు. ఇంటి పనిలో తుక్కు వాడేవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి విద్య రంపం పట్టడం కాదు. వస్తువును చూసి దాని గతాన్ని చదవడం.

నగరాల్లో ఈ మధ్య ఎక్కువగా కనబడుతున్న చెక్క ప్యాలెట్లతో మొదలుపెట్టవచ్చు. ఫ్యాక్టరీలకు, గోదాములకు సరుకు మోసుకొచ్చిన ఈ చట్రాలు పని అయిపోయాక గోడ పక్కన పడి ఉంటాయి. కొన్ని చోట్ల ఊరికే ఇస్తారు, కొన్ని చోట్ల కట్టెల ధరకు అమ్ముతారు. విదేశాల మధ్య తిరిగే ప్యాలెట్ల చెక్కలో పురుగులు ఒక దేశం నుంచి మరో దేశానికి పోకుండా 2002లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాన్ని ఐఎస్‌పీఎం 15 అంటారు. దాని ప్రకారం చెక్కను శుద్ధి చేసి, పక్కన ఒక ముద్ర వేయాలి. ముద్రలో గోధుమ వెన్ను బొమ్మ, దేశం గుర్తుగా రెండు అక్షరాలు, తయారీదారు నంబరు, చివర శుద్ధి చేసిన పద్ధతి ఉంటాయి. భారత్‌లో తయారైన వాటి మీద ఐఎన్ అని ఉంటుంది.

చూడాల్సింది ఆ చివరి రెండు అక్షరాలే. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేశారని అర్థం. చెక్క లోపలి భాగం కూడా కనీసం 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఆగకుండా ఉండాలి. అందులో రసాయనం లేదు, కనుక ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. ఓజోన్ పొరను దెబ్బతీసే ఈ వాయువును మాంట్రియల్ ఒప్పందం కింద చాలావరకు ఆపేశారు కానీ, సరిహద్దు దాటే సరుకుల క్రిమి నివారణకు మినహాయింపు మిగిలింది. వాయువులో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుందనేది నిజమే. అయినా పిల్లల మంచానికో, వంటింటి అరకో అలాంటి చెక్కను వాడకపోవడం, పొయ్యిలో కాల్చకపోవడం మంచిది. హెచ్‌టీ ముద్ర ఉన్న చెక్క బోలెడంత దొరుకుతున్నప్పుడు ఎంబీతో పని ఏముంది?

ముద్రే లేనివి దేశంలోపల తిరిగే ప్యాలెట్లు. వీటికి శుద్ధి అవసరం లేదు కాబట్టి ముద్ర లేకపోవడం తప్పేమీ కాదు. కానీ వాటి గతం చెప్పే గుర్తు కూడా లేదన్నమాట. వాటిని కళ్ళతో, ముక్కుతో చూడాలి. పురుగుమందుల గోదాము నుంచి వచ్చిన చెక్కకు నెలల తర్వాత కూడా వాసన ఉంటుంది. నూనె మరకో, రంగు మరకో చెక్క లోపలికి ఇంకి ఉంటే అది ఏమిటో తెలుసుకునే దారి ఇంట్లో లేదు. అలాంటి దాన్ని అక్కడే వదిలేయాలి.

ప్యాలెట్‌ను విడదీయడంలోనే సగం మంది విసిగిపోతారు. దానికి కొట్టే మేకులు మెలి తిరిగి ఉంటాయి, ఒకసారి దిగితే వెనక్కి రావు. గునపం పెట్టి పీకితే చెక్క చీలుతుంది తప్ప మేకు కదలదు. పలకకు, దాని కింద ఉన్న మోపుకు మధ్య హాక్సా బ్లేడు దూర్చి మేకునే కోసేయడం మేలు. మేకు తల పలకలోనే ఉండిపోతుంది. అది అందానికి అడ్డమేమీ కాదు, కానీ తర్వాత చిత్రిక పట్టేటప్పుడు బ్లేడుకు తగిలితే బ్లేడు పోతుంది. ఆ తలలను వెనుక నుంచి సుత్తితో కొట్టి బయటకు తీయాలి. అదే తుక్కు కొట్టులో దొరికే పాత స్పీకరు అయస్కాంతాన్ని పలక మీద నెమ్మదిగా జరిపితే దాగిన మేకు ఎక్కడుందో చెబుతుంది.

ఒక ప్యాలెట్ నుంచి ఇద్దరు కూర్చునే బల్ల సులువుగా వస్తుంది. పలకలు చాలావరకు 2 సెంటీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఒక మీటరు పొడవున్న మూడు లేదా నాలుగు పలకలు కూర్చునే భాగానికి సరిపోతాయి. పలకల మధ్య పెన్సిలంత సందు వదలాలి, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. ఆ పలకలు రెండు సెంటీమీటర్ల మందానివే కనుక మనిషి బరువుకు వంగుతాయి. కింద అడ్డంగా మూడు చోట్ల దన్ను ఇవ్వాలి. కాళ్ళకు ప్యాలెట్ మోపులు వాడాలి, నేల నుంచి కూర్చునే చోటుకు 43 నుంచి 45 సెంటీమీటర్లు ఉండేలా కోయాలి. బల్లను చెడగొట్టేది బరువు కాదు, పక్కకు ఊగడం. కాలికీ పైభాగానికీ మధ్య ఏటవాలుగా ఒక ముక్క బిగిస్తే ఆ ఊపు ఆగిపోతుంది. ఇంట్లో చేసిన బల్లలు ఏడాది తిరగకుండా కిర్రుమనడానికి కారణం చాలాసార్లు ఈ ఒక్క ముక్క లేకపోవడమే. మేకులకు బదులు స్క్రూలు వాడాలి. స్క్రూ కంటే సన్నని బెజ్జం ముందే వేసుకోకపోతే ఎండిన పైన్ చెక్క చివర్లు పగులుతాయి. నాలుగు కాళ్ళూ సమానంగా ఆనకపోతే బల్లను నున్నటి బండల మీద పెట్టి, లేచిన కాలి కింద ఎంత సందు ఉందో చూసి, మిగిలిన కాళ్ళలో పొడవైన దాన్ని అంతమేరకు తగ్గించాలి. కంటి అంచనాతో కోస్తూ పోతే చివరికి అది పీట అవుతుంది.

పైన పూతకు అవిసె నూనె చాలామంది వాడతారు. అది చెక్కలోకి ఇంకి గట్టిపడుతుంది. ఆ గట్టిపడే క్రమంలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటకు పోలేక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే గుడ్డ అంటుకోవచ్చు. వాటిని విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

ఇనుము విషయానికి వస్తే, తుక్కు కొట్టులో ఉన్న అన్నిటికంటే విలువైన వస్తువు బహుశా లారీ లీఫ్ స్ప్రింగు. మెకానిక్కులు కమాన్ కట్ట అనేది దీన్నే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీలు విప్పినప్పుడల్లా ఇవి బయటపడతాయి. మామూలు ఇనుప పట్టీకి, దీనికి తేడా కంటికి కనబడదు. స్ప్రింగు ఉక్కులో కార్బన్ అర శాతానికి కాస్త పైన ఉంటుంది. అందుకే దాన్ని కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, అంచు నిలబెట్టుకుంటుంది. ఇంటి గ్రిల్లుకు వాడే ఇనుముకు ఎంత కాల్చినా ఆ గుణం రాదు. ఈ సంగతి మన కమ్మరులకు పుస్తకాలు చెప్పలేదు. కొడవళ్ళు, కత్తులు, గొడ్డళ్ళు చేయడానికి వాళ్ళు కమాన్ పట్టీలనే ఏరుకుంటారు. నేపాల్‌లో ప్రసిద్ధి పొందిన ఖుక్రీ కత్తులు కూడా చాలావరకు పాత లారీ స్ప్రింగుల నుంచే పుడుతున్నాయి.

చేతిలో ఉన్నది ఏ ఇనుమో తెలియనప్పుడు గ్రైండరు చెబుతుంది. మామూలు ఇనుము నుంచి రవ్వలు పొడవుగా, తిన్నగా వెళతాయి. కార్బన్ ఉన్న ఉక్కు రవ్వలు మధ్యలో చీలి, కాకరపువ్వొత్తిలా పూలు పూస్తాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మందంగా, ఎర్రగా ఉండి వెంటనే ఆరిపోతాయి. తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది.

స్ప్రింగు పట్టీ ముక్కతో పెరటి కత్తి చేయాలనుకుంటే దాన్ని ముందు మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి ఒక రాత్రి వదిలేస్తే ఆకురాయికి లొంగుతుంది. ఆకారం తెచ్చాక మళ్ళీ కాల్చాలి. ఎంతవరకు అంటే, అయస్కాంతం దానికి అతుక్కోవడం మానేసే వరకు, ఆపైన మరికాస్త. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు నూనెలో ముంచాలి. నీళ్ళలో ముంచితే ఈ రకం ఉక్కు పగలవచ్చు. ముంచి తీసిన కత్తి గాజులా ఉంటుంది, ఆకురాయి దాని మీద జారిపోతుంది. కిందపడితే విరుగుతుంది. దాన్ని 200 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటో రెండు గంటలో ఉంచితే ఆ పెళుసుదనం తగ్గుతుంది. మామూలు బేకింగ్ ఓవెన్ దీనికి చాలు. నున్నగా తోమిన లోహం మీద ఎండు గడ్డి రంగు రావడం దానికి గుర్తు.

ఇక్కడ కూడా గతం వెంటాడుతుంది. అధిక బరువుతో, గుంతల రోడ్ల మీద లక్షల సార్లు వంగి లేచిన పట్టీలో కంటికి కనబడని సన్నని పగుళ్ళు ఉంటాయి. ఎంత శ్రద్ధగా చేసిన కత్తి అయినా ఆ గీత దగ్గర విరుగుతుంది. అనుభవం ఉన్న కమ్మరి పట్టీ మధ్యభాగాన్ని, బోల్టు బెజ్జం చుట్టుపక్కల ఉన్న ఉక్కును వదిలేస్తాడు. విరిగినందువల్ల తీసేసిన పట్టీ కంటే, బండిని విప్పినప్పుడు బాగుండగానే వచ్చిన పట్టీ మేలు.

ఇనుప పనిలో ఇంట్లోవాళ్ళు ఎక్కువగా పొరబడేది జీఐ పైపుల దగ్గర. పాత నీళ్ళ పైపులు గట్టిగా ఉంటాయి, చవకగా దొరుకుతాయి, మంచానికో మొక్కల పందిరికో చక్కగా సరిపోతాయి. వాటి మీద ఉండే తెల్లటి పూత జింకు. జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, వెల్డింగు వేడి దానికి చాలా పైన ఉంటుంది. వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. దాన్ని పీల్చినవాడికి పని చేసేటప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు రాత్రికి, చలిజ్వరం, ఒళ్ళునొప్పులు పట్టుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కనుక మలేరియా అనో, వైరల్ జ్వరం అనో అనుకుని వదిలేస్తారు. పాలు తాగితే పొగ దోషం పోతుందని వెల్డింగు షాపుల్లో గట్టి నమ్మకం. పాలు కడుపులోకి పోతాయి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. వెల్డింగు చేసే చోట జింకును ముందే గీకేయడం, గాలి ఆడే ఆరుబయట పనిచేయడం, అంతకంటే సులువుగా అసలు వెల్డింగు మానేసి క్లాంపులు, బోల్టులు వాడటం సరైన దారి. అదే జింకు పూత ఉన్న రేకుల్లో, బకెట్లలో చింతపండు పులుసు లాంటివి ఉంచకూడదు. పులుపు జింకును కరిగిస్తుంది.

రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ము మరింత ప్రమాదకరం. ఖాళీగా ఉందంటే అందులో ఏమీ లేదని కాదు. థిన్నరో, పెట్రోలో ఉన్న డ్రమ్ములో ద్రవం పోయినా ఆవిరి ఉంటుంది. నిండు డ్రమ్ము కంటే అదే ఎక్కువగా పేలుతుంది. కటింగ్ టార్చి గానీ, గ్రైండరు గానీ దానికి తగిలించడం చేతిలో బాంబు పట్టుకోవడమే. లోపల ఏముండేదో కచ్చితంగా తెలియని డ్రమ్మును కోయకూడదు. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములది ఇంకో కథ. ఎండాకాలం ట్యాంకరు వచ్చే బస్తీల్లో ప్రతి ఇంటి ముందూ ఇవే. వీటిలో కొన్ని పళ్ళరసం గుజ్జు మోసినవి, కొన్ని యాసిడ్లు మోసినవి. ప్లాస్టిక్ కొంత రసాయనాన్ని తనలో పీల్చుకుంటుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అది పోదు. తాగే నీళ్ళకు ఆహార పదార్థాలు మోసిన డ్రమ్ము తప్ప మరొకటి పనికిరాదు. లేబులు చింపేసి ఉంటే కొట్టువాడి మాట ఒక్కటే ఆధారం, ఆ ఆధారం చాలదు.

పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టే ఊళ్ళలో పాత కలపకు పెద్ద బజారే ఉంది. టేకు ద్వారబంధాలు, దూలాలు, వాసాలు, కిటికీ రెక్కలు. అరవై డెబ్భై ఏళ్ళు ఎండిన టేకు ఇక వంకర పోదు, చెదలు త్వరగా ముట్టుకోవు. పాత తలుపు ఒకటి అడ్డంగా పరిచి కాళ్ళు బిగిస్తే భోజనాల బల్ల అవుతుంది. అలాంటి కలపను ఇప్పుడు కొత్తగా కొనాలంటే ధర అందదు.

చిక్కంతా దాని మీదున్న రంగుతో. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగులో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. తలుపు మీద ఉన్నంతకాలం అది పెద్దగా హాని చేయదు. ఉప్పుకాగితం పెట్టి పొడిగా రుద్దినప్పుడు పొడి అవుతుంది, ఇంటి నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతుల నుంచి నోటికి చేరుతుంది. ఎదిగే మెదడును సీసం శాశ్వతంగా దెబ్బతీస్తుంది. బ్లోల్యాంపుతో కాల్చి ఊడదీయడం మరీ చెడ్డ పద్ధతి, సీసం పొగగా లేస్తుంది. పెయింట్ రిమూవరు పూసి మెత్తబరచి గీకాలి, లేదా తడి పెడుతూ రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చెత్తంతా మూట కట్టి తీసేయాలి. పనిచేసిన బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు. ఇదంతా చేయలేకపోతే పాత రంగును కదిలించకుండా దాని మీదే కొత్త పూత వేసుకోవచ్చు.

సిమెంటు రేకుల సంగతి ఎవరూ పట్టించుకోరు. పశువుల పాకల మీద, వంటగదుల మీద దశాబ్దాలుగా ఉన్న ఈ బూడిదరంగు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. పాత రేకును కోసి కోళ్ళగూడు కప్పాలనుకుని గ్రైండరు పెడితే ఆ పీచు గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సరుగా బయటపడవచ్చు. రేకును కోయకుండా ఉన్నదున్నట్టు వాడాలి, లేదా వదిలేయాలి. గుజరాత్‌లోని అలంగ్‌లో, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దగ్గర విడగొట్టే ఓడల నుంచి వచ్చే సామానుకూ ఇదే వర్తిస్తుంది. ఆ ఊళ్ళ రోడ్ల పక్కన ఓడ గదుల్లోని బల్లలు, మంచాలు, వంటపాత్రలు, లైఫ్‌బోట్లు అన్నీ అమ్ముతారు. గట్టి ఫర్నిచరు చవకగా దొరికే చోటు. కానీ పాత ఓడల గోడ పలకల్లో ఆస్‌బెస్టాస్ మామూలే.

కొన్నింటిని అసలు ఇంటికి తేకూడదు. మైక్రోవేవ్ ఓవెన్‌లోని కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా వేల వోల్టుల విద్యుత్తును పట్టి ఉంచగలదు. లాప్‌టాప్ బ్యాటరీ సెల్‌కు సొట్ట పడితే లోపల షార్ట్ అయి మంటలు రావచ్చు. అల్యూమినియం తుక్కు కరిగించి గిన్నెలు పోయడం చేయకూడదు, అలా పోసిన పాత్రల్లో సీసం ఉంటున్నట్టు పలు దేశాల్లో జరిపిన పరీక్షల్లో తేలింది. అన్నిటికంటే భయంకరమైన ఉదాహరణ ఢిల్లీ మాయాపురిది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1985 తర్వాత వాడకుండా వదిలేసిన ఒక ప్రయోగశాల యంత్రాన్ని 2010లో వేలం వేశారు. అది మాయాపురి తుక్కు బజారుకు చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని కొన్నవాళ్ళకు తెలియదు. సీసపు కవచాన్ని విప్పారు, ముక్కలు చేశారు, చేతులు మారాయి. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు ఆ ఏప్రిల్‌లో చనిపోయాడు. పరిమాణానికి మించి బరువున్న, సీసంతో కప్పిన, పసుపు రంగు మీద మూడు రేకల గుర్తు ఉన్న వస్తువు దగ్గర నుంచి వెంటనే తప్పుకుని పోలీసులకు చెప్పాలి.

చదువుకున్నవాళ్ళు ఈ పనికి ఇప్పుడు అప్‌సైక్లింగ్ అని పేరు పెట్టుకున్నారు. నూనె డబ్బాకు మట్టి మెత్తి పొట్టు పొయ్యి చేసుకున్న ఇల్లాలికి, టైరు కోసి చెప్పులు కుట్టినవాడికి, లారీ ట్యూబుతో బావి బొక్కెన చేసినవాడికి ఆ పేరు తెలియదు. వాళ్ళు చేసినప్పుడు అది లేమి. అదే పని కేఫ్ గోడ మీదికి ఎక్కితే కళ. ఈ తేడా వల్ల జరిగిన అసలు నష్టం వేరే ఉంది. ఏ పట్టీ ఎందుకు పనికొస్తుందో, ఏ చెక్క ఎలా మోసం చేస్తుందో తెలిసినవాళ్ళు ఊళ్ళో కమ్మరి, వడ్రంగి, పట్నంలో తుక్కు ఏరే మనిషి. ఆ తెలివి కాగితం మీదకు రాలేదు. వీడియోలు చూసి గ్రైండరు కొన్నవాళ్ళు వాళ్ళను అడగడం లేదు.

అడిగితే చెబుతారు. తుక్కు కొట్టులో రోజంతా సరుకు విడదీసేవాడికి ఏ లోడు ఏ ఫ్యాక్టరీ నుంచి దిగిందో, ఏ తలుపు ఏ ఇంటి నుంచి వచ్చిందో, ఏ డ్రమ్ము మూత తీసినప్పుడు కళ్ళు మండాయో గుర్తుంటుంది. ధర అడగడానికి ముందు, "అన్నా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగాలి. తెలియదంటే ఆ డ్రమ్మును అక్కడే ఉంచి, పక్కనున్న పాత టేకు తలుపు వైపు వెళ్ళాలి.